గలీల్ కంపౌండరు హస్తవాసి

తన పొయ్యి దగ్గర పరాయి మనిషి కూర్చుని ఉంది.

తఫీదా మేడమీది కిటికీలోంచి చూస్తోంది. కింద పెరట్లో వీధి చివరింటి ఆవిడ తన పీటమీద చతికిలబడి, తన చెక్కపలకతో పిండిని పొయ్యిలోకి విసురుతోంది. విసరడం ఎక్కడొచ్చు ఆ మహాతల్లికి? సగం పిండి పలకనే పట్టుకుని వేలాడుతోంది, మిగతా సగం పొయ్యిలో ముడతలు పడుతోంది. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా ఉన్న రొట్టెలు బుట్టలోకి చేరుతున్నాయి. మొక్కజొన్న పిండిలో మెంతిపిండి కలపనే లేదు. కలిపి ఉంటే ఈపాటికి వీధంతా వాసన వచ్చేది.

ఆ పొయ్యిని తొక్కిన మట్టితో, తరిగిన గడ్డితో, తన రెండు చేతులతో కట్టుకుంది తఫీదా. కఫ్ర్ నౌఫల్ ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా పిండి గంపలు ఈ పెరట్లోకే వచ్చేవి. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేని ఆడదానికి ఆ ఇంట్లో చోటంటూ ఉంటే అది ఆ పొయ్యి ముందరి పీటే. ఇప్పుడు ఆ పీటా పోయింది.

పోగొట్టింది ఎవరో కాదు. తోడికోడలు బహీగా.

కొన్నాళ్ల క్రితం వీధిలోని ఆడవాళ్లందరూ చూస్తుండగా, తఫీదా అప్పుడే తీసిన రొట్టెల బుట్టని ఎత్తి బాతుల ముందు కుమ్మరించింది. ఈవిడ చేతుల మీది బొబ్బల రసి పిండిలో కలుస్తోంది, మీ పిల్లలకి పెట్టుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం అని చెప్పింది. అంతే. మర్నాటి నుంచి ఒక్క గంప రాలేదు. ఎదురైనవాళ్లు తలగుడ్డ సర్దుకుంటున్నట్టు నటించి అవతలి పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. బాతులు మాత్రం ఆ రొట్టెలు కమ్మగా తిన్నాయి. తిని బలిసి, ఇవాళ విందులోకి వేపుడై వస్తున్నాయి.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. బహీగానే. కొత్త నల్ల గౌను, కళ్లకి దట్టంగా కాటుక. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అక్కా, వాళ్లు వచ్చి వెళ్లేదాకా నువ్వు పైనే ఉండు. నీ భోజనం పైకి పంపిస్తాను."

"ఎవరింట్లో ఎవరు పైనుండాలే?"

"హిల్మీ పెళ్లి మాట. ఇవాళ ఖురాన్‌లోని ఫాతిహా చదివి ఖాయం చేసుకుంటారు. ఏదైనా తేడా వస్తే ఆ పాపం నీకే చుట్టుకుంటుంది."

"నా చేతులు చూస్తే నీ కొడుక్కి పెళ్లి కాదా?"

బహీగా ఆ చేతులకేసి చూడలేదు. ద్వారబంధాన్ని చూస్తూ మాట్లాడింది. పిల్ల తల్లి ఇప్పటికే ఎవరినో వాకబు చేసిందట, మీ ఇంట్లో ఎవరికో అంటురోగమట కదా అని. "రావాలనే ఉంటే ఆ చేతితొడుగులైనా వేసుకుని రా. ఏ గిన్నే ముట్టుకోకు."

"వస్తాను. ఉత్తచేతులతో మాత్రం రాను, మరిది కొడుకు శుభకార్యం కదా" అంది తఫీదా.

బహీగా ఒక్క క్షణం ఆగింది. ఇంత నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు తఫీదా. ఏమిటో అడగబోయి, కింద మొగుడు రాగిబ్ పిలిచేసరికి దిగిపోయింది.

చేతుల సంగతి తఫీదాకి ఇప్పుడు బాగా తెలుసు. టాంటా పట్నంలో చర్మరోగాల డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఎండ తగిలితే చేతుల వెనక నీటిబొబ్బలు లేవడం, చిన్న గీత పడితే తోలు ఊడి రావడం, ముసలితనంలో చెంపలమీద నూగు మొలవడం, ఇవన్నీ పైకి కనిపించే గొడవలట. అసలు రోగం కాలేయంలో ఉందట. సి వైరస్. ఏళ్ల తరబడి లోపల చడీచప్పుడు లేకుండా కూర్చుని, కొందరికి కడుపులో నీరుగా, కొందరికి తోలుమీద పుండుగా బయటికి వస్తుందట. రొట్టె తింటే రాదు, చెయ్యి తగిలితే రాదు, ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే అంటుతుందని డాక్టరమ్మ నొక్కి చెప్పింది. కొన్ని నెలలు మాత్రలు మింగితే వైరస్ పోతుంది. అప్పుడప్పుడు కొంచెం రక్తం తీయించుకుంటే చేతులు మానతాయి. బలానికని పొద్దున్నే తాగే నల్ల చెరకుపాకం మానేయాలి. దాంట్లోని ఇనుము ఈ బొబ్బలకి ఆజ్యమట. ఇన్నాళ్లూ నీరసంగా ఉందని గ్లాసులకి గ్లాసులు పట్టించిన తఫీదా అది విని నెత్తి కొట్టుకుంది.

తర్వాత డాక్టరమ్మ ప్రశ్నలు వేసింది. నోటి లోపల తెల్లటి అల్లికలాంటి గీతలున్నాయా? కారం, పులుపు తగిలితే నోరు మంటెత్తుతుందా? మణికట్ల మీద ఊదారంగు దద్దులు లేచి దురద పెడతాయా? ఈ వైరస్ ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కో వేషం కడుతుందట. తఫీదా అన్నిటికీ లేదంది. చివర్న, చిన్నప్పుడు కాలవనీళ్ల పురుగు రోగానికి, బిల్హార్సియాకి, సూదులు వేయించుకున్నారా అని అడిగింది.

కాలవల్లో ఈదినవాళ్లలో వేయించుకోనివాళ్లెవరు? ఉచ్చలో రక్తం పడని పిల్లలు ఆ రోజుల్లో ఊళ్లో ఉంటేగా. "మా నాన్నే వేశాడమ్మా. గలీల్ కంపౌండరంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. అంతటి హస్తవాసి మళ్లీ ఎవరికీ రాలేదు" అంది తఫీదా, రోగిష్టి చేతులు ఒళ్లో పెట్టుకునే గర్వంగా. డాక్టరమ్మ ఏదో అనబోయి మానుకుంది. తల వంచుకుని మందులు రాస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో తఫీదా బుర్రలో తిరిగింది మాత్రం ఆ నోటి గీతల సంగతే.

ఎందుకంటే బహీగా ఊరగాయల పిచ్చిది. నల్లజీలకర్ర, కుసుమపువ్వు, ఎండుమిరప కూరి తఫీదా ఊరబెట్టే నిమ్మకాయలంటే ప్రాణం పెట్టేది. ఒకప్పుడు జాడీ మూత తీసిన చప్పుడుకే పరిగెత్తుకొచ్చేది. అలాంటిది ఏడాదిగా ముట్టడం లేదు. రొట్టెని పాలలో నానబెట్టుకుని మింగుతోంది. టీ చల్లారాక తాగుతోంది. అడిగితే పంటినొప్పి అంటోంది. ఏ పంటికో ఎవరికీ తెలీదు. బట్టలు కొనే మిషతో టాంటా వెళ్లి, ఉత్తచేతులతో తిరిగి వస్తోంది.

అయినా రూఢి చేసుకోవాలి కదా. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో బహీగా బాతుల్ని అదిలిస్తూ నోరంతా తెరిచి అరిచింది. తఫీదా అక్కడే ఉంది. బుగ్గల లోపల, ఎర్రటి పచ్చిపుండు మీద, తెల్లగా దారపు అల్లిక. స్పష్టంగా కనిపించింది.

ఆ రోజు తఫీదా కడుపు మండిన మంట అంతా ఇంతా కాదు. అదే రోగం. నోట్లో దాచుకున్నది దొరసాని, చేతుల మీద కనబడ్డది కుష్టుదా? తన గుట్టు తను మింగి, పక్కమనిషి బతుకుని బాతుల పాలు చేస్తుందా? వీధిలోకి వెళ్లి అరవాలనుకుంది. అరిస్తే ఎవరు నమ్ముతారు? అక్కసు కొద్దీ అంటోందంటారు. కాబట్టి బహీగా నోటితోనే బయటపెట్టించాలి. వాళ్లూ వీళ్లూ కూర్చుని ఉండగా, కాబోయే వియ్యపురాలి ఎదురుగా.

అందుకు తగ్గ జాడీ ఒకటి తఫీదా మంచం కింద ఉంది. అన్నిటికన్నా పుల్లటిది, అన్నిటికన్నా కారంది. నిన్న మూత తీసి ఇంకో గుప్పెడు మిరపకాయలు దంచి కలిపింది. కలుపుతూ నవ్వుకుంది కూడా.

మధ్యాహ్నం అతిథులు దిగారు. పిల్ల తండ్రి హాజీ మిత్వల్లీ, అతని భార్య, వెంట వచ్చిన బంధువులు. కాలవకి అవతలి ఊరు. మిత్వల్లీది భారీ విగ్రహం, గదంతా తనే నిండినట్టు మాట్లాడే గొంతు. భార్య మాత్రం తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే రకం. వచ్చిన దగ్గర్నుంచీ గిన్నెల అంచులూ గ్లాసుల అడుగులూ పరిశీలిస్తూనే ఉంది.

ఫాతిహా చదవడం అయింది. గుండ్రటి పీటబల్ల చుట్టూ అందరూ కూర్చున్నాక తఫీదా మెట్లు దిగింది. చేతులకి తెల్లటి నూలు తొడుగులు. చేతుల్లో జాడీ.

మిత్వల్లీ భార్య కళ్లు ఆ తొడుగుల మీద పడి అక్కడే ఆగాయి. బహీగా మొహంలో నెత్తురు చుక్క లేదు. రాగిబ్ గొంతు సవరించుకుని, మా పెద్ద వదిన, మా అన్న భార్య, గలీల్ కంపౌండరుగారి కూతురని చెప్పాడు.

మిత్వల్లీ నోట్లో పెట్టుకోబోతున్న బాతు ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"ఎవరూ, గలీల్ కంపౌండరు కూతురా? ఆ మెత్తటి సూది గలీలేనా?"

అవునంది తఫీదా.

ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. తన చిన్నప్పుడు తండ్రి గాడిదమీద కూర్చోబెట్టుకుని, తమ ఊరి ఆసుపత్రి దాటుకుని మరీ ఇక్కడికి తీసుకొచ్చేవాడట. బిల్హార్సియా సూదులంటే అన్ని చోట్లా మొద్దు సూదులు, గుచ్చితే పిల్లలు ఊరంతా వినిపించేలా ఏడ్చేవారు. గలీల్ దగ్గర మాత్రం ఒక సన్న సూది ఉండేది. ఎవరో పెద్ద డాక్టరు వెళ్లిపోతూ ఇచ్చింది. దాన్ని మెరిసే డబ్బాలో పెట్టుకుని, బంధువులకీ, స్నేహితులకీ, అభిమానంగా వచ్చినవాళ్లకీ మాత్రమే తీసేవాడు. మిత్వల్లీ తండ్రి వచ్చినప్పుడల్లా నెయ్యి తెచ్చేవాడు గనక కొడుక్కి సన్న సూది దక్కేది. చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదని చెబుతూ మిత్వల్లీ చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి మడత చూపించాడు. చూపించి, మణికట్టు బరబరా గోక్కున్నాడు.

"అలాంటి హస్తవాసి ఇక పుట్టదు చెల్లెమ్మా. మీ నాన్న చెయ్యి పడితే చాలు, రోగం పారిపోయేది."

తఫీదా కళ్లు చెమ్మగిల్లాయి. బాతుల ముందు పడ్డ తన పేరుని ఎవరో వంగి తీసి, దుమ్ము దులిపి చేతిలో పెట్టినట్టయింది. ఆ సంతోషంలో ఒక్క నిమిషం జాడీ సంగతి మర్చిపోయింది కూడా. అప్పుడు బహీగా ముక్కుతో నవ్వింది. చిన్న నవ్వు. తఫీదాకి మాత్రమే వినిపించేంత.

జాడీ మూత తీసింది తఫీదా. నల్లజీలకర్ర ఘాటు గదంతా కమ్మింది. అన్నిటికన్నా పెద్ద కాయ ఏరి, బహీగా పళ్లెంలో పెట్టింది.

"పెళ్లికొడుకు తల్లివి. ముందు నువ్వు తిను."

బహీగా పంటినొప్పని చెప్పింది. తర్వాత తింటానంది. తఫీదా తొడుగుల చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం వంచుకుని కూర్చుంది. అవమానపడ్డ మనిషి ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది.

మిత్వల్లీ భార్య నోరు విప్పింది. చాలాసేపటికి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"పంటినొప్పా, లేక ఆవిడ చేతిదని తినడం లేదా? ఈ ఇంట్లో వాళ్లే తిననిది మేమెలా తినాలి?"

రాగిబ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఈ ఊరి మగాళ్లకి తలాక్ ఒట్టు నాలిక చివరే ఉంటుంది. అతిథి ఇంకో ముద్ద తినాలన్నా అదే ఒట్టు, బేరం కుదరాలన్నా అదే ఒట్టు. ఒట్టు తప్పితే ఇల్లాలు ఇల్లు వదలాల్సిందే. రాగిబ్ అయితే దాన్ని కూరలో ఉప్పులా వాడతాడు. తఫీదా లెక్కంతా ఆ ఒట్టు మీదే. అది వచ్చితీరుతుందని ఆమెకి తెలుసు.

వచ్చింది.

"బహీగా, మా వదిన చేతి కాయ నువ్వు ఇప్పుడు తినకపోతే నాకు తలాక్ ఒట్టు."

ఒట్టు వేసి తను గొప్ప పని చేశాననుకున్నాడు రాగిబ్, పిచ్చి మారాజు. పెళ్లాం నోట్లో ఏముందో అతనికి తెలియదు. మొగుడికి కూడా చెప్పుకోలేదు బహీగా.

ఇప్పుడు చెప్పాలి. నాకు నోరంతా పుండుగా ఉంది, తినలేను అని చెప్పి అందరిముందూ బయటపడాలి. లేదా ఇల్లు దాటాలి. తఫీదాది ఎన్నాళ్ల కసి. చెప్పవే, చెప్పు, అని లోపల్లోపల పళ్లు నూరుతోంది.

బహీగా కాయ తీసుకుంది. ముక్క చేయలేదు. నోట్లో పెట్టుకుని, మూతి మూసి, నమలసాగింది. నిదానంగా, తొక్కతో సహా, మిరపగింజలతో సహా. కంటి కొసల్లో నీళ్లు నిలిచాయి గానీ కిందికి రానివ్వలేదు. కంఠం ఒక్కసారి కదిలింది. మింగేసింది.

రాగిబ్ ఊపిరి పీల్చుకున్నాడు. మిత్వల్లీ మెచ్చుకోలుగా తల ఊపాడు.

బహీగా చెయ్యి చాపి జాడీలోంచి ఇంకో కాయ తీసుకుంది. దానికి ఏ ఒట్టూ లేదు. ఎవరూ పెట్టలేదు. తఫీదా కళ్లల్లోకి సూటిగా చూస్తూ అదీ తింది. తినేసి, ఎర్రటి మందారపూల షర్బతు గ్లాసు ఎత్తి నోట పోసుకుంది. పెదవి తుడుచుకున్న గుడ్డ మీది ఎరుపు షర్బతుదో రక్తానిదో ఎవరూ పట్టించుకోలేదు.

"ఎంత బాగా ఊరాయో" అని లేచి, నీళ్లు తెస్తానంటూ వంటింట్లోకి వెళ్లింది.

తఫీదా కూడా వెంటనే లేచింది. కసి తీరలేదు. తీరాల్సిన చోట తీరలేదు. కనీసం తన ఒక్కదాని ముందైనా దానిచేత ఒప్పించాలి.

వంటింట్లో బహీగా తొట్టిమీద వంగి ఉమ్ముతోంది. తొట్టిలో పడుతున్నది షర్బతు కాదు. గోడకి చెయ్యి ఆనించుకుని నిలబడింది.

"నీకూ ఉంది" అంది తఫీదా.

బహీగా నోరు పుక్కిలించింది. ఇంకోసారి పుక్కిలించింది. తర్వాత తిరిగింది. చుట్టూ ఎవరూ లేనప్పుడు అక్కా అనడం ఎప్పుడో మానేసింది. చిన్నప్పుడు బడిలో పిలిచినట్టే పిలిచింది.

"ఉందే తఫీదా. నీకంటే ముందు నుంచే తెలుసు నాకు. ఎక్కడిదో కూడా తెలుసు."

"మరి ఏ మొహం పెట్టుకుని నా రొట్టెలు బాతులకి పోశావ్?"

"మీ నాన్న మొహం గుర్తొచ్చి పోశాను."

తఫీదాకి అర్థం కాలేదు. బహీగా గొంతు పెంచలేదు. ఆ నోటితో గొంతు పెంచడం కుదరదు. ఒక్కొక్క మాటా ముల్లు తీసుకున్నట్టు బయటికి తీసింది. టాంటాలో తనని చూసిన డాక్టరు కూడా బిల్హార్సియా సూదుల గురించే అడిగాడట. అవునంటే, పొద్దున ఒకసారి సూది మరిగించి, సాయంత్రం దాకా స్పిరిటు దూదితో తుడిచి అందరికీ గుచ్చేవారు కదా అన్నాడట. ఒకరి రక్తం ఒకరికి అలాగే ఎక్కిందట. ఈ దేశంలో ఇన్ని లక్షలమందికి సి వైరస్ వచ్చిన దారి అదేనట.

"మొద్దు సూదులు చాలా ఉండేవి, మారుతుండేవి. సన్న సూది ఒక్కటే. నీకూ అదే, నాకూ అదే, మా అన్న సాబిర్‌కీ అదే. మీ నాన్నకి ఇష్టమైనవాళ్లందరికీ అదే."

సాబిర్ పోయిన తీరు తఫీదాకి గుర్తుంది. కుండలా ఉబ్బిన పొట్ట, పసుపు కళ్లు, ఆఖరికి బొళుక్కున కక్కుకున్న రక్తం. ఆ శవానికి స్నానం చేయించడానికి నీళ్లు మోసింది తనే.

"మా నాన్న తెలిసి చెయ్యలేదు" అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"తెలిసి చేశాడని నేనన్నానా? తెలియక చేస్తే మా అన్న లేచి వస్తాడా? నేను ఆ రోజు మొద్దు సూది వరసలో నిలబడ్డానే. ఏడుస్తున్నానని నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లావు. మా నాన్న దగ్గర నొప్పెట్టని సూది ఉంది రావే అని. గుర్తుందా?"

గుర్తుంది. తఫీదా తన బతుకులో చేసిన మంచి పనుల్లో అదొకటని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చింది.

పెరట్లో పొయ్యి దగ్గర వీధి చివరింటి ఆవిడ ఏదో మాడబెట్టినట్టుంది, పొగ లోపలికి వస్తోంది.

"మాత్రలు మొదలుపెట్టావా?" అని అడిగింది తఫీదా చివరికి. అడగాలని అడగలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఎక్కడ మొదలుపెట్టను? ఊరంతా వరసలో నిలబడే ఆ సర్కారు మందుల చోటా? నన్నక్కడ చూస్తే హిల్మీకి పిల్లనెవడిస్తాడు? నీకేం, చేతుల మీద రాసుంది, దాచడానికేం లేదు. వెళ్లి తెచ్చుకుని మింగుతున్నావు. మంచిదానివయి నీ పొయ్యి ముందు కూర్చుంటావు. గలీల్ కంపౌండరు కూతురు అని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. నేను చూస్తూ ఊరుకోవాలా?"

అదీ సంగతి. రసీ కాదు, రొట్టే కాదు. తఫీదా ఇన్నాళ్లూ తన చేతులకి జరిగిన అవమానం అనుకున్నది వేరే చేతులకి తగలాల్సిన దెబ్బ. ఆ చేతులు మట్టిలో ఉన్నాయి గనక ఈ చేతుల మీద పడింది.

ముందుగదిలోంచి రాగిబ్ కేక వేశాడు. సంతోషం పట్టలేని కేక. "వదినా, ఈ మాడు రొట్టెలు హాజీగారికి సహించడం లేదు. కంపౌండరుగారి కూతురి చేతి రొట్టె తినందే ఫాతిహా చెల్లదంటున్నారు. పొయ్యి దగ్గరికి రా."

తఫీదా కోరుకున్నది ఇదే. సరిగ్గా ఇదే. వీధంతా చూస్తుండగా తన పీటమీద తను కూర్చోవడం. తన రొట్టె కోసం అవతలి ఊరి పెద్దమనిషి పట్టుబట్టడం.

బహీగా గోడ వదిలి నిటారుగా నిలబడింది. పిండి డబ్బా మూత తీసింది. జల్లెడ తీసి తఫీదా చేతికిచ్చింది.

"కాల్చు. నేనే వడ్డిస్తాను. ఒక్కొక్క రొట్టె పెడుతూ ఒక్కొక్క పేరు చెప్తాను. సాబిర్ పేరుతో మొదలుపెడతాను. ఏ సూదితో పోయారో కూడా చెప్తాను. అప్పుడు చూద్దాం నీ హస్తవాసి."

తఫీదా తొడుగులు ఊడదీసింది. కుడిచేతి బొబ్బ ఒకటి తొడుగుకి అంటుకుని చిట్లింది. ఆ చేతిని బహీగా మొహం ముందు పెట్టింది, ఈసారి చూడక తప్పనంత దగ్గరగా.

"చెప్పు. కానీ మొదటి రొట్టె నీకు పెడతాను, మొదటి పేరు నీదే చెప్పాలి. మీ వియ్యపురాలి ముందు నోరు తెరిచి చూపించు. ఆ తర్వాత మా నాన్న పేరెత్తు. నీ కొడుకు పెళ్లి ఉంటుందో, మా నాన్న పరువు ఉంటుందో, రెండూ పోతాయో, ఇవాళే తేల్చుకుందాం."

బహీగా కళ్లు నిప్పులు కురిశాయి. జల్లెడకి చెరోవైపు చెయ్యి వేసి ఉంది ఇద్దరిదీ. ఎవరూ వదలడం లేదు. ఎవరూ లాగడం లేదు.

గుమ్మంలో వెలుగు తగ్గింది. మిత్వల్లీ వచ్చి నిలబడ్డాడు. పిండి కలపడానికి ఇంతసేపా చెల్లెమ్మా అని నవ్వాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఎడమ చేత్తో కుడి మణికట్టు గోక్కుంటున్నాడు. అక్కడ తోలు మీద ఊదారంగు దద్దులు బల్లపరుపుగా, మెరుస్తూ, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెండో మణికట్టు మీద కూడా.

తఫీదా ఆ మణికట్టు చూసింది. బహీగా కూడా చూసింది. సన్న సూది కోసం గాడిదమీద వచ్చిన పిల్లవాడు. నెయ్యి ఇచ్చి కొనుక్కున్న నొప్పిలేనితనం. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా అతను రేపే టాంటా వెళ్తాడు, మాత్రలు తెచ్చుకుంటాడు. ఎవరు నోరు తెరిచినా తన ఇల్లు తనే కూల్చుకోవాలి.

జల్లెడ ఇద్దరి చేతుల మధ్యే ఉండిపోయింది.

"ఏమిటలా చూస్తారిద్దరూ? ఈ దురదనా? పత్తికి కొట్టిన మందు పడలేదులే. పూతలు రాసీ రాసీ విసుగొచ్చింది" అన్నాడు మిత్వల్లీ గోక్కుంటూనే. "మీ నాన్నే ఉండుంటే, చెల్లెమ్మా, ఒక్క సూదితో కుదిర్చేసేవాడు కాదూ?"